మా ఇంట్లో నవ్వుకునే కథలు

జనవరి 6, 1947

ఈ డైరీ మా మనవరాలు రామతులసి ఇచ్చింది. "రోజూ అందర్నీ ఆటపట్టించే బదులు కొంత దీన్లో రాసుకో తాతా. ఊరు కాస్త ఊపిరి పీల్చుకుంటది" అంది. దానికి పదహారేళ్ళు. నన్ను పెంచుతున్నది తనే అనుకుంటుంది. అందుకే కలెక్టరమ్మా అని పిలుస్తాను. నేను వీధిబడిలో మూడేళ్ళు చదివాను. నాలుగో ఏడు, పంతులుగారి నశ్యం డబ్బాలో మిరప్పొడి పోసిందెవరో తేలాక ఆయనే రావద్దన్నారు. కాబట్టి నా అక్షరాలు ఎలా ఉన్నా అడిగేవాడు లేడు.

రాయాల్సిన సంగతి ఒకటుంది. ఎలమంచిలి నుంచి మా అమ్మాయి వరహాలక్ష్మి తన కొడుకు త్రినాధరావుని పంపింది. ఇరవయ్యొక్కేళ్ళ వాడు. మా బెల్లం కొట్లో పని నేర్చుకోవాలట. మా షావుకార్ల ఇళ్ళల్లో మేనమామ కూతురి మీద మేనల్లుడిదే మొదటి హక్కు. ఇవ్వనంటే పుట్టింటి గుమ్మం ఆడపడుచుకి మూసేసినట్టే. రామతులసి మా అబ్బాయి గంగాధరం కూతురు. అది ఉయ్యాల్లో ఉండగానే త్రినాధుడికని అనేసుకున్నాం. ఉగాది వెళ్ళాక పెళ్ళి. వాణ్ణి ముందుగా పంపడం వరహాలక్ష్మి ఎత్తు. మా ఎలమంచిలి మహారాణి ఏ ఎత్తు వేసినా అందరికీ కనబడేలాగే వేస్తుంది.

జనవరి 11

త్రినాధుడు మాటకారి కాదనుకున్నాను. పొరబడ్డాను.

యార్డులో రైతుల బెల్లం దిమ్మలు వరసగా పేర్చి ఉన్నాయి. వేలం పాటగాడు దేముడు రాశి రాశికీ ఆగి గొంతెత్తి రేటు పాడుతున్నాడు. త్రినాధుడు నా చెవి దగ్గరికి వచ్చి, "తాతా, దేముడు నా రేటు పాడతన్నాడు" అన్నాడు.

"ఎంత పలికేవురా?"

"నిన్నటికన్నా దిగిపోయేను."

మీసం కదలలేదు. నేను కడుపు పట్టుకుని నవ్వాను. నేను ఏ హాస్యం ఆడినా ముందు నాకే నవ్వొచ్చి సగంలో చెడిపోతుంది. వీడు ఎంత నిబ్బరంగా అన్నాడో. సాయంత్రానికి యార్డంతా చెప్పేశాను. దిమ్మలు మోసే కళాసీలు వాణ్ణి చూసి "ఏటి బాబూ, ఇయాల రేటెంత" అంటున్నారు. నా పోలికే. ఇద్దరు మనవలు పుడితే ఒకడికైనా నా పోలిక రాకుండా ఉంటుందా.

జనవరి 12

ఇవాళా అదే హాస్యం.

జనవరి 19

మళ్ళీ అదే. ఒరే, పాతబడింది, మార్చు అన్నాను. నన్ను ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూశాడు.

బెల్లం తినడం మానేశాడు. కాఫీలో కూడా వద్దంటున్నాడు. అందులో మందు వాసన వేస్తోందట. మీ అమ్మ వంట తిని తిని నీ నాలిక చచ్చిపోయిందిరా అన్నాను. కోడలు నవ్వింది. రామతులసి నవ్వలేదు. ఈ మధ్య దానికి పెళ్ళికూతురి బిగువు వచ్చింది.

జనవరి 27

కొట్టు కట్టేశాక అరుగు మీద అందరం కూర్చున్నాం. గంగాధరం కథలు చెప్పమన్నాడు. నలభై ఏళ్ళు దాటినా వాడికి ఇవి వినందే తోచదు. ఎక్కువ మాట్లాడకుండా తలాడిస్తుంటాడని వాణ్ణి దివాన్‌గారూ అంటాను.

మా అమ్మ కథ చెప్పాను. మా అమ్మ రోజూ వంటింట్లో ఒక పీట వేసి, విస్తరి వేసి, వడ్డించేది. ఆ పీట మీద ఎవరూ ఉండరు. "ఉప్పు సరిపోయిందేటమ్మా" అని ఆ పీటని అడిగేది. ఒకరోజు ఆకలేసి నేను వెళ్ళి ఆ పీట మీదే కూర్చున్నాను. మా అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చి, "ఆవిడి ఒళ్ళో కూకుంటావేట్రా సిగ్గులేదా" అంది. ఊళ్ళో వాళ్ళు మా అమ్మతో గ్రామదేవత నూకాలమ్మ మాట్లాడుతుందనేవారు.

తర్వాత మా మేనమామ కథ. గొడుగు పట్టుకున్న మనుషులంతా కుంపిణీవాళ్ళు పంపిన వేగులని ఆయన నమ్మకం. వానాకాలం నాలుగు నెలలూ కొట్టు తెరిచేవాడు కాదు. గొడుగు వేసుకుని ఎవరైనా వీధిలోకి వస్తే తలుపు గడియ పెట్టి, లోపల్నుంచి "నాకేటీ తెల్దు" అని అరిచేవాడు. నేను గొడుగు పట్టుకుని ఆయన వీధిలో పనిలేకపోయినా అటూ ఇటూ తిరిగేవాణ్ణి.

అందరూ విరగబడి నవ్వుతుంటే త్రినాధుడు అడిగాడు: "ఆళ్ళని ఎవరు పంపేరో ఆకరికి తెలిసిందా తాతా?"

అందరూ ఇంకా నవ్వారు.

ఫిబ్రవరి 8

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాడుగుల వైపు నుంచి వచ్చిన రైతు బెల్లానికి పాట జరుగుతోంది. దేముడు రేటు పాడగానే త్రినాధుడు వెనకనుంచి పై రేటు కేకేశాడు. మంచిదే, కుర్రాడు ధైర్యం చేశాడనుకున్నాను. ఎదుటి షావుకారు పెంచాడు. త్రినాధుడు ఇంకా పెంచాడు. అది రెండో రకం బెల్లం, నల్లది. ఆ రేటుకి ఎవరూ కొనరు. షావుకారు వదిలేశాడు. పాట అయిపోయింది. అయినా త్రినాధుడు తన రేటు మీద తానే పెంచుతున్నాడు.

"ఒరే, ఎవుడి మీద పాడతన్నావు, నీ మీద నువ్వేనేట్రా" అన్నాను నవ్వుతూ.

"ఆళ్ళు కొనకుండా నన్ను నేనే కొనుక్కుంతన్నాను తాతా. ఆళ్ళు కొంటే తీస్కుపోతారు."

యార్డంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నేనూ నవ్వానని రాసుకోవాలి. వాడు బెల్లం రాశి ఎక్కి నిలబడ్డాడు. ఇంకా పెంచుతూనే ఉన్నాడు. గొంతు పోయింది. పెదాలు మాత్రమే కదులుతున్నాయి. పంచె తడిసిపోయింది.  

దేముడే ముందు నవ్వాపి, తన తుండుగుడ్డ వాడి నడుముకి చుట్టి, దించి తీసుకొచ్చాడు. "బాబూ, పాట అయిపోనాది. నువ్వే కొన్నావు. ఇంక ఎవులూ తీస్కెళ్ళరు, రా" అన్నాడు. ఆ మాటకి వాడు దిగాడు.

ఫిబ్రవరి 9

ఇవాళ ఏమీ రాయను.

ఫిబ్రవరి 13

వరహాలక్ష్మి ఎలమంచిలి నుంచి వచ్చింది. వస్తూనే కొడుక్కి ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాళ్ళమ్మ తల నిమురుతుంటే నిమరనిచ్చాడు.

"దిష్టి నాన్నా. నువ్వే యార్డంతా నా కొడుకు నీ పోలికని సాటింపేసేవంట" అంది.

"ఇంతకుముందు ఇలా ఉండేవోడా?" అని గంగాధరం అడిగాడు.

అది కొంగు సర్దుకుంది. "కాలేజీ మానేసినప్పట్నుంచి కొంచెం ముబావంగా ఉన్నాడు. వయసు. పెళ్ళయితే కుదురుకుంటాడు. ముహూర్తం ముందుకి జరుపుదాం."

"అమ్మా, వాడు మనిషిలో లేడు" అన్నాను.

"అందుకే మనింటి పిల్ల అయితే సద్దుకుంటది. పైవోళ్ళైతే ఇది సూసి ఊరుకుంటారా. మన గుట్టు మన్లోనే ఉంటది."

ఈ మాట ఎక్కడో విన్నాననిపించింది. గంగాధరం తలాడించాడు. అక్క ఏమన్నా తలాడిస్తాడు. నేను విశాఖపట్నం తీసుకెళ్ళి చూపిద్దామన్నాను. వరహాలక్ష్మి రానంది. పిచ్చాసుపత్రి మెట్లెక్కినవాడి తల్లి అనిపించుకోనంది.

ఫిబ్రవరి 20

పొద్దున్న బండికి త్రినాధుణ్ణి తీసుకుని నేనూ గంగాధరం విశాఖపట్నం వెళ్ళాం. డాక్టరు చిన్నవాడే. మద్రాసులో చదువుకున్నాడట. కళ్ళజోడు పెట్టుకున్న కొంగలా ఉన్నాడు. ఆ మాట ఆయనతోనే అన్నాను. నవ్వాడు. మంచివాడే అనుకున్నాను.

త్రినాధుడితో ఒంటరిగా చాలాసేపు మాట్లాడి, తర్వాత మమ్మల్ని పిలిచాడు.

"పెద్దాయనా, మీ కుటుంబంలో ఇలాంటి మనుషులు ఇంకెవరైనా ఉన్నారా?"

"ఇలాంటోళ్ళెవరూ లేరండి. అందరూ సరదా మనుషులు."

"ఎలాంటి సరదా?"

అడిగాడు కదా అని మా అమ్మ పీట కథ చెప్పాను. బాగా చెప్పాను. గంగాధరం ఎప్పటిలాగే నవ్వాడు. డాక్టరు కాగితం మీద ఒక గుండ్రం గీశాడు. "ఆవిడకి అప్పుడు వయసెంత ఉంటుంది?" అన్నాడు. ఈ కథలో వయసు ఎవరూ అడగలేదు నన్ను. గొడుగుల కథ చెప్పాను. గంగాధరం సగం నవ్వాడు. డాక్టరు చదరం గీసి, గుండ్రానికి కలిపి, "అన్నా చెల్లెళ్ళు కదా. ఇంకా?" అన్నాడు.

మా తమ్ముడి కథ మిగిలింది. వాడు పట్టపగలు లాంతరు వెలిగించుకుని కాశీకి బయల్దేరి, సబ్బవరం దాకా వెళ్ళి, నూనె అయిపోయిందని వెనక్కొచ్చాడు. నూనె పోయించుకుని మళ్ళీ బయల్దేరాడు. అక్కడ అందరూ నవ్వుతారు. నూనె పోసిందెవరో చెబితే ఇంకా నవ్వుతారు, మా అమ్మే. డాక్టరు "తర్వాత?" అన్నాడు.

"తరవాత రాలేదండి."

"ఎన్నేళ్ళు అప్పటికి?"

"ఇరవై... ఇరవయ్యొకటి."

గంగాధరం నవ్వలేదు. నేనూ నవ్వలేదు. యాభై ఏళ్ళుగా చెబుతున్నాను ఈ కథ. వాడు తిరిగి రాలేదన్న సంగతి ఇవాళే విన్నట్టుంది.

"మీ భార్యగారి వైపు ఎవరైనా?" అన్నాడు డాక్టరు.

"ఆ గొడుగులాయనే."

"ఆయన మీ అమ్మగారి అన్న అన్నారుగా."

"అవునండి. మావగారు కూడా ఆయనే. మాకు అంతే. మేనరికం."

డాక్టరు పెన్సిలు అందుకున్నాడు. మళ్ళీ గీతలు గీశాడు. ఎటు నుంచి గీసినా గీత వెళ్ళి అదే ఇంట్లో పడుతోంది. "ముగ్గు బాగుందండి" అన్నాను. అలవాటు పోదు. ఆయన కింద రెండు గుర్తులు గీసి మధ్యలో చుక్కలు పెట్టాడు.

"ఇప్పుడు ఈ అబ్బాయికి, ఈయన కూతుర్ని ఇస్తారా?"

గంగాధరం తలాడించాడు.

ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఈ జబ్బు తల్లిదండ్రుల నుంచి ఇల్లూ పొలంలా నేరుగా రాదట. జబ్బుకి దారి మాత్రం వస్తుందట. ఆ దారిన నడిచేవాళ్ళు కొందరే. మా అమ్మ కడుపున పుట్టినా నాకు రాలేదు. రెండువైపుల నుంచీ వచ్చినా గంగాధరానికి, వరహాలక్ష్మికి రాలేదు. ఎందుకు రాలేదో ఎవరికీ తెలియదు. త్రినాధుడికి ఎందుకొచ్చిందో కూడా తెలియదు. కానీ రెండు పక్కలా ఉన్న ఇళ్ళు మళ్ళీ మళ్ళీ కలుపుకుంటే ఆ దారి వెడల్పవుతుందని ఆయన భయం. "పెళ్ళి దీనికి మందు కాదు. వైద్యం వేరే ఉంది, ఆసుపత్రిలో ఉంచి చెయ్యాలి, కొంతమందికి పనిచేస్తుంది" అన్నాడు.

"మరి మా పిల్లకి పెళ్ళే వద్దంటారా?"

"అలా అనను. ఎవరూ అనకూడదు. మీ ఇంట్లో మీకు మీరే ఇచ్చుకోవద్దంటున్నాను."

త్రినాధుడు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "ఈయన మనోడే తాతా. గొడుగు లేదు" అన్నాడు.

ఫిబ్రవరి 21

మా అమ్మే అనేది ఆ మాట. నా పెళ్ళికి. మన గుట్టు మన్లోనే ఉంటది అని.

ఫిబ్రవరి 26

ఒకే చేలో చెరుకు, ఒకే పెనం, ఒకే మంట. ఒక దిమ్మ బంగారంలా గట్టిపడుతుంది. పక్కది ఎంతసేపున్నా కూడదు, మెత్తగానే ఉండి చెమరుస్తుంది. చెరుకుదా తప్పు, పాకంలో వేసే సున్నానిదా, మబ్బుదా. యాభై ఏళ్ళుగా బెల్లం చూస్తున్నాను. చూడగానే ఇది ఫలానా ఊరిదని చెబుతాను కానీ ఎందుకు కూడలేదో చెప్పలేను. డాక్టరు కూడా అంతే అన్నాడు. ఆయనకి తెలియదని చెప్పినందుకే ఆయన్ని నమ్మాను.

నేను కూడా కొట్లో ఒక్కణ్ణే కూర్చుని గుర్తొచ్చినవాటికి నవ్వుకుంటాను. ఇవాళ నవ్వొచ్చింది. చుట్టూ చూసి ఆపుకున్నాను. డెబ్బై దాటాక భయపడడమేమిటి. భయపడ్డాను.

మార్చి 4

పెరట్లో రామతులసి చింతపండు పిక్కలు తీస్తోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. కలెక్టరమ్మా అనబోయి, అమ్మలూ అన్నాను. అది తలెత్తింది.

"బావ హాస్యాలాడతన్నాడని నువ్వనుకున్నావు తాతా. ఆడు బయపడతన్నాడు. నువ్వు నవ్వుతుంటే నీ మొహం సూసి మరీ బయపడేవోడు."

"నీకు తెలిసీ సెప్పలేదేటి?"

"సెప్తే నువ్వు దాన్నీ కత సేసేత్తావు."

 డాక్టరు చెప్పినదంతా చెప్పాను, గీతలతో సహా, నేల మీద గీసి. అది శ్రద్ధగా చూసింది. తన గుర్తు ఏదో అడిగింది. చూపించాను.

"నేను సేసుకుంటే బావకి నయవవుద్దా?"

"అవదంట."

"అవుద్దంటే సేసుకుందును. బావంటే నాకు ఇష్టవే." చింతపిక్కలు పక్కకి నెట్టింది. "రేపు నాకు పిల్లలు పుడితే నువ్వు ఆళ్ళకి బావ బెల్లవెక్కిన కత సెప్పి నవ్విత్తావు. నేనది వినలేను."

"సెప్పను."

"నువ్వు సెప్పకపోయినా ఇంకోళ్ళు సెప్తారు. ఇంతకీ ఇదంతా నన్నెందుకు అడుగుతన్నావు? నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

"అందుకే అడుగుతన్నాను."

"నాకొద్దు తాతా" అంది. తర్వాత ఏడ్చింది.

మార్చి 9

గంగాధరంతో మాట్లాడాను. "అక్క పుట్టింటికొచ్చి అడిగితే కాదని నేనెలా అంటాను నాన్నా. నా నోరు రాదు" అన్నాడు. తలాడించడం తప్ప దివాన్‌గారికి ఇంకోటి రాదు. పాపం, వాడికి మాట్లాడే చోటు నేనెప్పుడు మిగిల్చాను. నేనంటాలే అన్నాను.

మార్చి 12

వరహాలక్ష్మి తాంబూలం పళ్ళెంతో వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. పోయిన వాళ్ళమ్మ చీర అది. చాప మీద కూర్చుని పళ్ళెం మా మధ్య పెట్టింది.

"పుట్టింటికొచ్చి పిల్లనడుగుతన్నాను. ఇత్తారా ఇవ్వరా?"

గంగాధరం నేల చూశాడు.

"ఇవ్వం అమ్మా" అన్నాను.

అది నవ్వింది. "ఇప్పుడు కూడా నీ యాసికాలేనా నాన్నా. ముందు తాంబూలం అందుకో."

"యాసికం కాదు. ఇవ్వం."

అయినా కొంచెంసేపు నా మొహంలో నవ్వు కోసం వెతికింది. చిన్నప్పుడు దాని బొమ్మ నేను దాచేసినప్పుడు ఇలాగే వెతికేది. ఏమీ కనబడక దాని చూపు మారింది.

"నా కొడుకు పిచ్చోడనా?"

"జబ్బు మనిషి. నయం సేయిద్దాం. ఎంత కరిసైనా సేయిద్దాం. నయవైనా కూడా ఈ పిల్లనివ్వను."

"అంటే నా రకతం సెడ్డదా?"

"నా దగ్గర్నుంచి వచ్చిందే కదమ్మా నీకూ, నీ తమ్ముడికీ. మీ అమ్మ దగ్గర్నుంచి వచ్చిందీ అదే. తెలీక కలిపేం. ఇప్పుడు తెలిసింది."

"నువ్వే ఇవ్వకపోతే నా కొడుక్కి ఊళ్ళో ఎవరిత్తారు?"

దీనికి నేను వారం రోజులుగా జవాబు వెతుకుతున్నాను. "తెలీదు" అన్నాను.

"మరి దీనికి పై సంబంధం సూత్తారు కదా. ఆళ్ళతో సెప్తారా, మీ అమ్మ ఉత్తి పీటకి అన్నం పెట్టేదని? మీ తమ్ముడు లాంతరట్టుకు పోయేడని?"

"సెప్తాం."

"సెప్తే ఎవరూ రారు."

"రాకపోతే రారత్తా" అంది రామతులసి గుమ్మంలోంచి. అక్కడే నిలబడింది.

వరహాలక్ష్మి దానికేసి చూసింది.  పళ్ళెం తీసుకుని లేచి, "నాకింక పుట్టిల్లు లేదు" అని వెళ్ళిపోయింది. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. త్రినాధుణ్ణి వెంట తీసుకుపోయింది. బండెక్కేటప్పుడు వాడు కళాసీలందరికీ నమస్కారం పెట్టాడు. ఇయాల రేటెంత అని ఎవరూ అడగలేదు.

మార్చి 22

రేపు ఉగాది, ఇవాళ కొత్త అమావాస్య జాతర. నూకాలమ్మ గుడి దగ్గర ఇసకేస్తే రాలని జనం. వరహాలక్ష్మి పుట్టిన్నాటి నుంచి ఈ రోజుకి రాకుండా ఉండలేదు. ఇవాళ రాలేదు.

మార్చి 25

గంగాధరం తనంతట తను ఎలమంచిలి వెళ్ళాడు. అక్క వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడిందట. వాడు డాక్టరు చెప్పిన వైద్యం సంగతి చెప్పి, ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచాలని, తల్లి కూడా రావాలని చెప్పి వచ్చాడట. ఏమందిరా అన్నాను.

"ఏటీ అనలేదు. తలాడించింది" అన్నాడు.

ఏప్రిల్ 7

తల్లీ కొడుకూ ఆసుపత్రికి బయల్దేరుతున్నారని నిన్న కబురొచ్చింది. ఎలమంచిలి నుంచి వచ్చే పొద్దున్న బండి కోసం స్టేషన్‌లో నిలబడ్డాను. ఏ పెట్టెలో ఉన్నారో తెలియదు. ఇంజను దాటాక మూడో పెట్టె కిటికీలోంచి త్రినాధుడు చెయ్యూపాడు. ఎక్కాను. వాడి పక్కన వరహాలక్ష్మి కూర్చుని ఉంది. నన్ను చూడలేదు. కానీ ఒళ్ళో ఉన్న మూట తీసి కింద పెట్టి, కొంచెం జరిగింది. కూర్చున్నాను.

త్రినాధుడు చిక్కిపోయాడు. గడ్డం శుభ్రంగా గీసి ఉంది. తల్లే గీయించి ఉంటుంది.  నాకు హాస్యాలు రెండు మూడు తోచాయి. అలాగే ఉంచుకున్నాను.

"తాతా, రామతులసికి పెళ్ళి సేసేత్తారా?" అన్నాడు.

"సేత్తాం."

"బయటి సంబంధవేనా?"

"బయటిదే. వచ్చినోళ్ళకి అన్నీ సెప్పే సేత్తాం."

 వాడి కళ్ళు ఆ కాసేపూ నిలకడగా ఉన్నాయి. "మంచిది. దూరం ఇయ్యండి. మొన్న ఆ అమ్మాయి మాటలు కూడా వినపడ్డం మొదలెట్టేయి నాకు. ఆ అమ్మాయి అలాగ మాటాడదని నాకు తెలుసు. తెలిసీ కోపం వచ్చింది." తల్లి వైపు చూసి, "ఇంట్లోనే ఉంటే ఏదైనా సేసేద్దును" అన్నాడు.

వరహాలక్ష్మి కిటికీలోంచి బయటికే చూస్తోంది. భుజాలు కదులుతున్నాయి. నేను చెయ్యి వెయ్యలేదు. వేస్తే ఇంకా ఏడుస్తుంది.

సింహాచలం దాటాక కొంగుతో మొహం తుడుచుకుంది. ఇటు తిరగకుండానే మాట్లాడింది.

"పిల్ల పెళ్ళిలో మేనత్త సెయ్యాల్సినవన్నీ నేనే సేత్తాను. ఇంకెవర్నీ పిలవొద్దు."

"అలాగే" అన్నాను.

 బండి విశాఖపట్నం వచ్చి వాల్తేరు స్టేషన్‌లో ఆగింది. మూట నేను పట్టుకున్నాను. వాళ్ళమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. దిగాం.